పొసగని గొలుసులు: మిశ్రమ ప్లాస్టిక్ వ్యర్థాల పునశ్చక్రీకరణలో పదార్థ పరిశోధన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్లాస్టిక్ వ్యర్థాలను తిరిగి వాడుకలోకి తేవడంలో ఎదురయ్యే ప్రధానమైన అడ్డంకి అవి ఒకే పదార్థం కాకపోవడం. పాలిథిన్, పాలీప్రొపిలీన్, పెట్, పీవీసీ, పాలీస్టైరీన్ చూపుకు దగ్గరగా ఉన్నా కరిగించి కలిపినప్పుడు ఒకదానితో ఒకటి పొసగవు. ఈ పొసగనితనం ఎక్కడి నుంచి వచ్చింది, దానిని దాటడానికి పదార్థ శాస్త్రజ్ఞులు ఏయే మార్గాలు అనుసరించారు అన్న విషయాలను 1933 నుంచి 2023 వరకు ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వేరుచేయడం, జతకూర్చడం, విడగొట్టడం, మొదటే వేరుగా రూపొందించడం అనే నాలుగు మార్గాల చరిత్రను వివరిస్తుంది. ప్లాస్టిక్‌లను తయారుచేసే శాస్త్రం వాటి అంత్యదశను గురించి ఆలోచించే శాస్త్రం కంటే అర్ధశతాబ్దికి పైగా ముందు నడవడమే నేటి సమస్యకు మూలమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్లాస్టిక్ వ్యర్థాలు, పునశ్చక్రీకరణ, పాలిమర్లు, పాలిథిన్, పాలీప్రొపిలీన్, ఉత్ప్రేరకాలు, పదార్థ శాస్త్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం

ఏ పట్టణంలోనైనా ఒక ఇంటి చెత్తబుట్టను బోర్లిస్తే పాల ప్యాకెట్టు, మంచినీళ్ల సీసా, పెరుగు డబ్బా, షాంపూ సాచెట్, చిప్స్ ప్యాకెట్టు, మాత్రల అట్ట కలగలిసి కనిపిస్తాయి. వాడుకభాషలో వీటన్నిటికీ ‘ప్లాస్టిక్’ అన్న పేరు ఒక్కటే. రసాయన శాస్త్ర దృష్టిలో ఇవి వేర్వేరు పదార్థాలు. పాల ప్యాకెట్టు పాలిథిన్ పొర. నీళ్ల సీసా పెట్. దాని మూత పాలిథిన్ గానీ పాలీప్రొపిలీన్ గానీ అవుతుంది. పెరుగు డబ్బా పాలీప్రొపిలీన్ లేదా పాలీస్టైరీన్. మాత్రల అట్టలో సాధారణంగా పీవీసీ, అల్యూమినియం ఉంటాయి. చిప్స్ ప్యాకెట్టు లోహపు పూతతో కలిసిన పలు పొరల సంపుటం.

పాత సామాన్లు కొనేవారికి ఈ తేడా అనుభవంవల్ల బాగా తెలుసు. వారు నీళ్ల సీసాను కిలోల లెక్కన తీసుకుంటారు; చిప్స్ ప్యాకెట్టును ముట్టరు. ఏది అమ్ముడవుతుంది, ఏది కాలువలో చేరుతుంది అన్నది ఆ వస్తువు ఎంత గట్టిది అన్నదానిపై కాక, అందులో ఎన్ని పదార్థాలు కలిశాయి, వాటిని విడదీయగలమా అన్నదానిపై ఆధారపడుతుంది.

ఈ సమస్య పరిమాణాన్ని అంచనా కట్టిన అధ్యయనం ఒకటి 2017లో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో వెలువడింది. రోలండ్ గేయర్, జెన్నా జాంబెక్, కారా లా అనే పరిశోధకుల లెక్క ప్రకారం 2015 వరకు ప్రపంచంలో తయారైన ప్లాస్టిక్ దాదాపు 830 కోట్ల టన్నులు. అందులో వ్యర్థంగా మారినది సుమారు 630 కోట్ల టన్నులు. ఆ వ్యర్థంలో పునశ్చక్రీకరణ పొందినది 9 శాతమే. 12 శాతాన్ని కాల్చివేశారు. మిగిలిన 79 శాతం చెత్తదిబ్బల్లోనూ ప్రకృతిలోనూ పేరుకుపోయింది.

ఈ 9 శాతానికి ప్రజల అలసత్వాన్నో, ప్రభుత్వాల నిర్లక్ష్యాన్నో కారణంగా చెప్పడం పరిపాటి. అవి నిజమే అయినా పూర్తి కారణాలు కావు. సమస్య పదార్థ స్వభావంలోనే ఉంది. ఆ స్వభావానికి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రను క్రమంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. తయారీ యుగం: 1933–1954

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ‘ప్లాస్టిక్’ అంటే ప్రధానంగా బేకలైట్. లియో బేక్‌లాండ్ 1907లో రూపొందించిన ఈ పదార్థం ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. పాత స్విచ్చులు, రేడియో పెట్టెలు దానితో చేసినవే. వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడి, తిరిగి కరిగించడానికి వీలైన థర్మోప్లాస్టిక్‌ల విస్తృతి ఆ తరువాతి పరిణామం.

1933 మార్చిలో ఇంగ్లండులోని విన్నింగ్టన్‌లో ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ సంస్థ ప్రయోగశాలలో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ ఇథిలీన్ వాయువును, బెంజాల్డిహైడ్‌ను వెయ్యి అట్మాస్ఫియర్లకు మించిన పీడనం కింద వేడిచేశారు. ఆశించిన చర్య జరగలేదు. పాత్రలో మైనంలాంటి తెల్లని పదార్థం మిగిలింది. అదే పాలిథిన్. 1935లో మైకేల్ పెరిన్ బృందం దానిని నమ్మకంగా తయారుచేసే పద్ధతిని కనుగొంది. రెండో ప్రపంచయుద్ధకాలంలో రాడార్ తీగలకు తొడుగుగా అది అక్కరకు వచ్చింది. యుద్ధం ముగిసిన తరువాత వంటింటికి చేరింది.

అంత పీడనం అవసరం లేకుండా పాలిథిన్‌ను తయారుచేసే మార్గాన్ని 1953లో జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో కార్ల్ జీగ్లర్ కనుగొన్నారు. టైటానియం, అల్యూమినియం సమ్మేళనాలను కలిపి ఉత్ప్రేరకంగా వాడడం ఆయన పద్ధతి. మరుసటి సంవత్సరం ఇటలీలోని మిలాన్‌లో జూలియో నాటా అటువంటి ఉత్ప్రేరకంతోనే ప్రొపిలీన్ అణువులను క్రమం తప్పని గొలుసుగా కూర్చారు. గొలుసు పొడవునా మిథైల్ సమూహాలన్నీ ఒకే పక్కన నిలవడంవల్ల ఆ పదార్థం స్ఫటిక రూపాన్ని, గట్టితనాన్ని పొందింది. 1963లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి లభించింది. అమెరికాలోని బార్ట్‌లెస్‌విల్‌లో ఫిలిప్స్ పెట్రోలియం సంస్థకు చెందిన పాల్ హోగన్, రాబర్ట్ బ్యాంక్స్ 1951లోనే క్రోమియం ఉత్ప్రేరకంతో ఇటువంటి ఫలితాలు సాధించారు.

పెట్ పుట్టుక వేరొక దారిలో జరిగింది. 1941లో ఇంగ్లండుకు చెందిన జాన్ విన్‌ఫీల్డ్, జేమ్స్ డిక్సన్ దానిని నూలుపోగుకు బదులుగా వాడదగిన దారంకోసం రూపొందించారు. సోడా పీడనాన్ని తట్టుకునే సీసాగా దానిని మలచే పద్ధతికి నథానియల్ వైయెత్ 1973లో పేటెంటు పొందారు.

ఈ ఆవిష్కరణలన్నిటిలో ఒక సామాన్య లక్షణం ఉంది. ప్రతి పరిశోధకుడి ముందున్న ప్రశ్న ‘ఈ గొలుసును ఎంత క్రమంగా కూర్చగలం?’ అన్నదే. ‘ఈ గొలుసు మరొక గొలుసుతో కలిసినప్పుడు ఏమవుతుంది?’ అన్న ప్రశ్నకు అప్పుడు అవసరం కనిపించలేదు. ఎందుకంటే ప్రతి పదార్థమూ కర్మాగారంనుంచి శుద్ధంగా, విడిగా బయటికి వచ్చింది. కలయిక వాడుక ముగిసిన తరువాత, చెత్తలో జరిగింది.

3. పొసగకపోవడానికి కారణం

ఆశ్చర్యమేమంటే, పాలిమర్లు ఎందుకు కలవవో వివరించే సిద్ధాంతం పాలీప్రొపిలీన్ పుట్టకముందే సిద్ధంగా ఉంది. పాల్ ఫ్లోరీ, మారిస్ హగ్గిన్స్ 1941–42 ప్రాంతంలో విడివిడిగా పొడవాటి అణువుల ద్రావణాలకు సంబంధించిన గణిత సూత్రాన్ని రూపొందించారు. చిన్న అణువులు కలిసినప్పుడు అవి అమరగల విధానాల సంఖ్య విపరీతంగా పెరుగుతుంది. ఎంట్రోపీ అని శాస్త్రం పిలిచే ఈ లాభమే కలయికను ముందుకు నడుపుతుంది. నీరు, ఆల్కహాలు సులువుగా కలవడంలో దాని పాత్ర ఉంది. గొలుసుల విషయంలో ఈ లాభం చాలా స్వల్పం. ఎర్రపూసలను, తెల్లపూసలను విడిగా ఒక పళ్లెంలో పోసి కలపడం తేలిక. అవే పూసలను పొడవైన దండలుగా గుచ్చిన తరువాత కలిపితే ప్రతి పూసా తన పక్క పూసకు కట్టుబడి ఉంటుంది. పాలిమర్ గొలుసుల స్థితి ఇదే. అందుచేత రెండు రకాల గొలుసుల మధ్య ఏ కొద్దిపాటి విముఖత ఉన్నా అది ఎంట్రోపీ లాభాన్ని మించిపోతుంది, అవి విడిపోతాయి.

పాలిథిన్, పాలీప్రొపిలీన్ ఇందుకు మంచి ఉదాహరణ. రెండింటిలోనూ ఉన్నవి కర్బనం, హైడ్రోజన్ మాత్రమే. ప్రపంచ ప్లాస్టిక్‌లో అత్యధిక భాగం ఈ రెండే. సాంద్రతలు కూడా దాదాపు సమానం. అయినా కరిగించి కలిపితే ఒకదానిలో మరొకటి చిన్నచిన్న బిందువులుగా నిలుస్తుంది. చల్లారేటప్పుడు ఏ గొలుసు స్ఫటికం ఆ గొలుసుతోనే కడుతుంది. బిందువుకూ చుట్టూ ఉన్న పదార్థానికీ మధ్య సరిహద్దును పట్టి ఉంచే గొలుసులు తక్కువ. ఆ ముక్కను లాగితే అది సాగదు. సరిహద్దు దగ్గర పుట్టిన పగులు పొడవునా పాకి విరుగుతుంది. విడివిడిగా సాగే గుణమున్న రెండు పదార్థాలు కలిసి పెళుసుగా మారతాయి.

దీనికి ద్రవీభవన ఉష్ణోగ్రతల తేడా తోడవుతుంది. గట్టి పాలిథిన్ సుమారు 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పాలీప్రొపిలీన్ 160 దాటాక, పెట్ దాదాపు 250 దగ్గర కరుగుతాయి. పెట్ కరిగే వేడికి పీవీసీ విచ్ఛిన్నమై హైడ్రోజన్ క్లోరైడ్‌ను వెలువరిస్తుంది. ఆ ఆమ్లం పెట్ గొలుసులను తెగగొడుతుంది. అందుచేతనే పెట్ కుప్పలో కొద్దిపాటి పీవీసీ చేరినా మొత్తం సరుకు పాడవుతుంది. మళ్లీమళ్లీ కరిగించినప్పుడు పాలీప్రొపిలీన్ గొలుసులు తెగి పొట్టివవుతాయి. పాలిథిన్ గొలుసులు తరచుగా ఒకదానికొకటి అతుక్కుంటాయి. అంటే ఒకే వేడి రెండు పదార్థాలను రెండు దిక్కులకు నడుపుతుంది. రంగులు, మెత్తబరచే ద్రవ్యాలు, మంటను అడ్డుకునే రసాయనాలు ఈ చిక్కును మరింత పెంచుతాయి.

4. మొదటి మార్గం: వేరుచేయడం

కలిపితే చెడుతుంది కనుక వేరుచేయాలన్నది సహజంగా తట్టిన పరిష్కారం. అందులో మొదటి పరికరం మనిషి చెయ్యి. చెత్త ఏరేవారు, పాత సామాన్ల వ్యాపారులు నలిపినప్పటి చప్పుడును, వంచినప్పటి తీరును, కాల్చినప్పటి వాసనను బట్టి ప్లాస్టిక్ రకాన్ని గుర్తిస్తారు. ఇది ఏ పాఠ్యగ్రంథంలోనూ చోటు దక్కని పదార్థ పరిజ్ఞానం. భారతదేశంలో సీసాలు పెద్దఎత్తున కర్మాగారాలకు తిరిగి చేరడానికి ఆధారం ఈ పరిజ్ఞానమే. కాల్చి వాసన చూడడంలో, ముఖ్యంగా పీవీసీ విషయంలో, ఆరోగ్యానికి జరిగే హాని కూడా ఆ శ్రామికులదే.

రెండో సాధనం నీళ్లతొట్టి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక, పైకి తేలుతాయి. పెట్, పీవీసీ బరువైనవి; మునుగుతాయి. ఈ సులువైన పద్ధతి సీసానుంచి మూతను వేరుచేస్తుంది గాని, తేలిన రెండింటినీ ఒకదానినుంచి ఒకటి వేరుచేయలేదు. మునిగిన రెండింటినీ వేరుచేయలేదు.

1988లో అమెరికాలోని సొసైటీ ఆఫ్ ది ప్లాస్టిక్స్ ఇండస్ట్రీ ఒకటి నుంచి ఏడు వరకు సంకేతసంఖ్యలను ప్రవేశపెట్టింది. 1 పెట్, 2 గట్టి పాలిథిన్, 3 పీవీసీ, 4 మెత్తని పాలిథిన్, 5 పాలీప్రొపిలీన్, 6 పాలీస్టైరీన్. ఏడో సంఖ్య ‘ఇతరములు’. పదార్థ చరిత్ర దృష్టితో చూస్తే ఈ ఏడో సంఖ్య గమనించదగినది. పలు పొరల సంపుటాలు సాధారణంగా చేరేది ఈ గడిలోనే. సంఖ్య చుట్టూ తిరిగే బాణాల త్రికోణం ఉండడంతో, ఆ గుర్తు ఉన్నదల్లా తిరిగి వాడుకలోకి వస్తుందని ప్రజలు భావించారు. ఆ గుర్తు చెప్పేది పదార్థమేదో మాత్రమే; దాని భవిష్యత్తును కాదు. 2013లో ప్రమాణాలను సవరించి బాణాల స్థానంలో మామూలు త్రికోణాన్ని సూచించారు.

తరువాతి దశలో పరారుణ కిరణాలతో పనిచేసే యంత్రాలు వచ్చాయి. ప్రతి పాలిమర్ ఆ కిరణాలను తనదైన తీరులో గ్రహిస్తుంది కాబట్టి కదిలే పట్టీపై ఉన్న ముక్కను గుర్తించి గాలి ఊదుతో పక్కకు తోయడం సాధ్యమైంది. అయితే మసితో నల్లరంగు వేసిన ప్లాస్టిక్ ఆ కిరణాలను మింగేస్తుంది. ఆహారపు నల్ల డబ్బాలు ఈ యంత్రాలకు కనిపించకపోవడానికి ఇదే కారణం.

ఒకే పొరగా కనిపించే అనేక పొరలను యంత్రపు చూపు విడదీయలేదు. ఇక్కడ ద్రావణులు తోడ్పడ్డాయి. విస్కాన్సిన్–మాడిసన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ హ్యూబర్ బృందం 2020లో ప్రకటించిన పద్ధతిలో పలు పొరల ఆహారపు పొట్లాన్ని వరుసగా వేర్వేరు ద్రావణుల్లో కరిగిస్తారు. ఒక్కొక్క ద్రావణి ఒక్కొక్క పొరనే కరిగిస్తుంది. పాలిథిన్, ఈవీఓహెచ్, పెట్ పొరలను ఇలా దాదాపు పూర్తిగా రాబట్టగలిగారు. ఏ ద్రావణి ఏ పాలిమర్‌ను కరిగిస్తుందో ముందుగా గణన పద్ధతులతో అంచనా వేయడం ఇందులోని కొత్తదనం. ద్రావణిని శుద్ధిచేసి మళ్లీ వాడడానికి కావలసిన శక్తి, ఖర్చు ఈ మార్గానికి పరీక్ష.

5. రెండో మార్గం: జతకూర్చడం

వేరుచేయడం అసాధ్యమైనచోట, కలిసిన స్థితిలోనే వాటిని పనికివచ్చేలా చేయవచ్చా అన్న ప్రశ్న వచ్చింది. దీనికి కావలసిన జ్ఞానం కూడా మొదట వ్యర్థాలకోసం పుట్టలేదు. నైలాన్ వంటి గట్టి ప్లాస్టిక్‌కు రబ్బరును జోడించి దెబ్బకు ఓర్చేలా చేయడం 1970ల నాటి పారిశ్రామిక పరిశోధన. రబ్బరు గొలుసులకు మాలెయిక్ ఎన్‌హైడ్రైడ్ అనే చిన్న సమూహాన్ని అతికిస్తే, కరిగించి కలిపేటప్పుడు అది నైలాన్ గొలుసు చివరతో చర్య జరిపి సరిహద్దు దగ్గరే ఒక వంతెన కడుతుంది. ఇలా రెండు వర్గాల మధ్య పొందిక కలిగించే పదార్థాలను కంపాటిబిలైజర్లు అంటారు. వీటిని సగం ఈ గొలుసు, సగం ఆ గొలుసు కలిగిన మధ్యవర్తులుగా భావించవచ్చు.

వ్యర్థాల విషయంలో తొలినాటి ప్రయత్నాలు మరింత సాదాగా సాగాయి. కలిసిన ప్లాస్టిక్‌ను కరిగించి మందపాటి దుంగలుగా పోసి, బల్లలు, కంచెలు, వారధుల పలకలుగా వాడారు. మందం ఎక్కువైతే లోపలి బలహీనత కొంత కప్పబడుతుంది. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో థామస్ నాస్కర్ వంటి పరిశోధకులు దీనిని శాస్త్రీయంగా ముందుకు తీసుకువెళ్లారు. రెండు పొసగని పాలిమర్లను తగిన పాళ్లలో కలిపినప్పుడు ఒకటి బిందువులుగా విడిపోకుండా, రెండూ పెనవేసుకున్న వేళ్లలా కొనసాగే నిర్మాణం ఏర్పడుతుంది. దానికి బలం ఎక్కువ. ఇటువంటి పదార్థంతో వాహనాలు నడిచే వంతెనలను కూడా నిర్మించారు. ఇక్కడ పొసగనితనాన్ని తొలగించలేదు. దాని ఆకృతిని అదుపు చేశారు.

పాలిథిన్, పాలీప్రొపిలీన్ జంట మాత్రం చాలాకాలం లొంగలేదు. నైలాన్ గొలుసుకు చివర చర్య జరిపే సమూహం ఉంది. ఈ రెండింటికీ అటువంటి పట్టు ఏదీ లేదు. కనుక రెండు గొలుసులనూ ఒకే గొలుసులో ఖండాలుగా కలిగిన అణువును నిర్మించాలి. జీగ్లర్–నాటా ఉత్ప్రేరకాలతో అది కష్టం. అక్కడ ప్రతి గొలుసు క్షణాల్లో పెరిగి ఉత్ప్రేరకాన్ని వదిలిపోతుంది. మధ్యలో ఆపి రెండో పదార్థాన్ని అందించే వ్యవధి ఉండదు. గొలుసు పట్టు వదలకుండా పెరిగేలా చూసే కొత్త ఉత్ప్రేరకాలకోసం దశాబ్దాల కృషి జరిగింది. 2006లో డౌ కెమికల్ సంస్థ పరిశోధకులు, పెరుగుతున్న గొలుసును ఒక ఉత్ప్రేరకంనుంచి మరొకదానికి మార్చే పద్ధతిని ప్రకటించారు. దానితో ఖండాలున్న పాలిథిన్ తరహా గొలుసులు పారిశ్రామిక స్థాయిలో సాధ్యమయ్యాయి.

నిర్ణాయకమైన మలుపు 2017 ఫిబ్రవరిలో వచ్చింది. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ కోట్స్, మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ బేట్స్ బృందాలు ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధనను ప్రకటించాయి. హాఫ్నియం ఆధారిత ఉత్ప్రేరకంతో వారు పాలిథిన్, పాలీప్రొపిలీన్ ఖండాలు ఒకదాని తరువాత ఒకటిగా ఉన్న గొలుసును కూర్చారు. నాలుగు ఖండాలున్న గొలుసు అత్యుత్తమ ఫలితమిచ్చింది. ఒక శాతం కలిపినంత మాత్రాన పెళుసుగా విరిగే మిశ్రమం సాగే గట్టి పదార్థంగా మారింది. రెండు పాలిమర్ల పొరలను ఈ గొలుసుతో అతికించి ఊడలాగినప్పుడు అతుకు ఊడలేదు; పొరే తెగింది. రెండే ఖండాలున్న పొట్టి గొలుసులు ఇంత పట్టు చూపలేదు. కారణం తెలుసుకోదగినది. పొడవైన ఖండాలు తమ తమ వర్గపు స్ఫటికాలలోకి చొచ్చుకుపోయి అక్కడ బిగుసుకుంటాయి. నాలుగు ఖండాలు ఉన్నప్పుడు గొలుసు సరిహద్దును పలుమార్లు దాటుతుంది. అటూ ఇటూ కుట్టు పడిన బట్టలాగా రెండు పదార్థాలూ విడిపోకుండా నిలుస్తాయి. మధ్య ఖండాలు ఉచ్చులుగా మారి ఎదుటి గొలుసులలో చిక్కుకోవడం కూడా ఈ బలానికి కారణమని పరిశోధకులు వివరించారు.

ఈ పరిశోధనలోని ‘ఒక శాతం’ అన్న మాటకు ఆర్థికమైన బరువుంది. మధ్యవర్తి పదార్థం ఖరీదైనది. అది పదిశాతం కావలసివస్తే కొత్త ప్లాస్టిక్ కొనడమే చౌక. అయితే పరీక్షలో వాడినవి శుభ్రమైన వాణిజ్య పాలిమర్లు. నూనె, మట్టి, రంగులు, మూడో రకం ప్లాస్టిక్ కలిసిన నిజమైన చెత్త అంత శుభ్రంగా ఉండదు. పైగా ఈ గొలుసు ఒక్క జంటకే పనికివస్తుంది. ప్రతి జంటకూ ఒక ప్రత్యేక మధ్యవర్తిని తయారుచేయడం ఆచరణలో కష్టం.

ఈ పరిమితిని దాటే ప్రయత్నం వేరొక దారిలో జరిగింది. ఫ్రాన్స్‌లో లుద్విక్ లైబ్లర్ బృందం 2011లో విట్రిమర్లు అనే కొత్త తరగతి పదార్థాలను పరిచయం చేసింది. వీటిలో గొలుసుల మధ్య అడ్డుబంధాలు ఉంటాయి గాని, వేడిచేసినప్పుడు అవి పరస్పరం చోట్లు మార్చుకుంటాయి. బేకలైట్‌లాగా గట్టిగా ఉంటూనే మళ్లీ మలచడానికి వీలిస్తాయి. ఈ భావన మిశ్రమ వ్యర్థాలకు కూడా అన్వయించింది. 2023లో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ చెన్ బృందం ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన పరిశోధనలో, పలు రకాల గొలుసులకు అతుక్కోగల చిన్న అణువును కరిగిన మిశ్రమంలో కలిపారు. అది పొసగని గొలుసుల మధ్య మారగల బంధాలను కల్పించి, అక్కడికక్కడే మధ్యవర్తి గొలుసులను తయారుచేసింది. అంటే మధ్యవర్తిని బయట కూర్చి తెచ్చే అవసరం తగ్గింది.

6. మూడో మార్గం: విడగొట్టడం

జతకూర్చడానికి పూర్తిగా వ్యతిరేకమైన ఆలోచన గొలుసులనే తెంచి చిన్న అణువులుగా మార్చడం. గాలి తగలకుండా అధిక వేడిమికి గురిచేసి నూనెగా, వాయువుగా మార్చే ఉష్ణవిచ్ఛేదనం ఇందులో పాతది. పాలిథిన్, పాలీప్రొపిలీన్ కుప్పకు ఇది సరిపడుతుంది. పీవీసీ కలిస్తే ఆమ్లవాయువు వెలువడి పరికరాలను తినేస్తుంది. మిశ్రమాన్ని ఒప్పుకుంటుందని పేరున్న ఈ పద్ధతి కూడా కొంత వేరుచేయడాన్ని కోరుతుంది. పైగా తుది ఫలితం ఇంధనమై మండిపోతే దానిని పునశ్చక్రీకరణ అనడం కష్టం.

పెట్ గొలుసులో ఎస్టర్ బంధాలు ఉండడంవల్ల దానిని తెంచడం పాలిథిన్‌కంటే సులువు. 2016లో జపాన్ పరిశోధకులు సకాయ్ నగరంలో సీసాల పునశ్చక్రీకరణ కేంద్రం దగ్గరి నమూనాల నుంచి పెట్‌ను ఆహారంగా వాడుకునే బాక్టీరియాను వెలికితీశారు. దానికి ఇడియోనెల్లా సకాయెన్సిస్ అని పేరుపెట్టారు. 2020లో ఫ్రాన్స్‌కు చెందిన కార్బియోస్ సంస్థ, తులూజ్ శాస్త్రజ్ఞులు వేరొక ఎంజైమును మెరుగుపరచి, పెట్‌లో 90 శాతాన్ని పది గంటల్లో మూల అణువులుగా మార్చగలిగారు. మిశ్రమ వ్యర్థాల దృష్టిలో ఎంజైము విలువ దాని ఎంపికలో ఉంది. అది పెట్ బంధాన్ని మాత్రమే తెంచుతుంది. పక్కనున్న పాలిథిన్‌ను తాకదు. అందుచేత విడగొట్టడమే వేరుచేయడం కూడా అవుతుంది.

2022లో అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాలకు చెందిన గ్రెగ్ బెకమ్ బృందం మరొక అడుగు వేసింది. పాలిథిన్, పాలీస్టైరీన్, పెట్ మూడింటినీ కలిపి, కోబాల్టు, మాంగనీసు ఉత్ప్రేరకాల సాయంతో ఆక్సీకరణం చేసి, ఆమ్లాల మిశ్రమంగా మార్చింది. తరువాత జన్యుమార్పు చేసిన సూడోమొనాస్ పుటిడా బాక్టీరియాకు ఆ ఆమ్లాలను ఆహారంగా ఇచ్చింది. అనేక పదార్థాలు ప్రవేశించిన ఆ కణంనుంచి ఉపయోగకరమైన ఒకే రసాయనం బయటికి వచ్చింది. ఎన్నో వాగులు కలిసి ఒక్క నదిగా సాగినట్టు, జీవకణం మిశ్రమాన్ని ఏకం చేసింది. మిశ్రమం ఇక్కడ దోషం కాదు, ముడిసరుకు.

7. భారతీయ అనుభవం: మధురై నుంచి పుట్టపర్తి వరకు

పైన చెప్పిన పరిశోధనల్లో చాలావరకు ఖరీదైన ఉత్ప్రేరకాలు, పరికరాలు అవసరమైనవి. భారతదేశంలో మిశ్రమ ప్లాస్టిక్‌కు విస్తృతంగా అమలైన పరిష్కారం వేరొక తరహాది. మధురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాల రసాయన శాస్త్రాచార్యులు రాజగోపాలన్ వాసుదేవన్ 2000వ దశకం ఆరంభంలో ప్లాస్టిక్ వ్యర్థాలను రోడ్ల నిర్మాణంలో వాడే పద్ధతిని రూపొందించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఈ పద్ధతిలో వేడిచేసిన కంకరపై తురిమిన ప్లాస్టిక్‌ను చల్లుతారు. అది కరిగి ప్రతి రాయికీ పలుచని పూతగా అంటుకుంటుంది. ఆ తరువాత తారు కలుపుతారు. పూతవల్ల రాయిలోకి నీరు చొరబడదు. తారు పట్టు పెరుగుతుంది. పాలిథిన్, పాలీప్రొపిలీన్, పాలీస్టైరీన్‌లను విడదీయవలసిన అవసరం లేదు. పీవీసీని మాత్రం వాడకూడదు. 2015లో కేంద్ర రహదారుల మంత్రిత్వశాఖ పెద్ద నగరాల పరిసరాల్లోని తారురోడ్లకు ప్లాస్టిక్ వ్యర్థాల వాడకాన్ని తప్పనిసరి చేసింది.

రెండు పాలిమర్లు ఒకదానితో ఒకటి పొసగవలసిన అవసరం లేకుండా, రెండూ రాయిని పట్టుకునేలా చూడడం ఈ పద్ధతిలోని తెలివి. పొత్తు కుదర్చవలసిన పని కంకరకు అప్పగించారు. అయితే ఇది తిరిగివచ్చే చక్రం కాదు. రోడ్డులో చేరిన ప్లాస్టిక్ మళ్లీ ప్యాకెట్టుగా మారదు; రోడ్డు అరిగినప్పుడు రేణువులుగా బయటపడే అవకాశం కూడా పరిశీలించదగినది.

పరిశోధన అందని చోట మిశ్రమం ఎక్కడికి చేరుతుందో తెలుగునేల మీది ఒక వ్యాజ్యం చూపింది. పుట్టపర్తి కేంద్రంగా పనిచేసే కరుణ సొసైటీ, ప్లాస్టిక్ సంచులను మింగుతున్న ఆవుల విషయమై 2012లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. వీధుల్లో తిరిగే పశువుల పొట్టలనుంచి శస్త్రచికిత్సతో తీసిన ముద్దల్లో రకరకాల ప్లాస్టిక్ పెనవేసుకుని ఉంటుంది. ఆహారం వాసన అంటిన సంచిని పశువు ఏరి విడదీయలేదు; దాని జీర్ణాశయం దానిని అరిగించలేదు.

చట్టాలు కూడా ఈ మిశ్రమం దగ్గరే తడబడ్డాయి. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు, పునశ్చక్రీకరణ సాధ్యంకాని పలు పొరల ప్లాస్టిక్‌ను రెండేళ్లలో నిలిపివేయాలని నిర్దేశించాయి. 2018 సవరణలో ఆ నిర్వచనానికి కొత్త షరతులు చేరాయి. పునశ్చక్రీకరణకు గానీ, శక్తి ఉత్పత్తికి గానీ, మరే ప్రత్యామ్నాయ వినియోగానికి గానీ పనికిరానివాటికే ఆ నియమం పరిమితమైంది. కాల్చడానికి వీలున్నది ఏదైనా ఈ నిర్వచనంనుంచి తప్పించుకోగలదు. ‘పునశ్చక్రీకరణ సాధ్యం’ అన్న మాటకు అర్థాన్ని నిర్ణయించేది పదార్థ శాస్త్రమా, పరిశ్రమ అవసరమా అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది. 2022లో వచ్చిన ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత మార్గదర్శకాలు పలు పొరల సంపుటాలను ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించి, వాటిని తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారులపై ఉంచాయి.

8. నాలుగో మార్గం: మొదటే వేరుగా రూపొందించడం

పై మూడు మార్గాలూ ఇప్పటికే ఉన్న ప్లాస్టిక్‌కు చికిత్సలు. నాలుగోది ముందుజాగ్రత్త. 2019లో లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలకు చెందిన బ్రెట్ హెల్మ్స్ బృందం పాలీడైకీటోఎనమైన్ అనే కొత్త పాలిమర్‌ను పరిచయం చేసింది. బలమైన ఆమ్లంలో ముంచితే దాని బంధాలు విడిపోయి, రంగులు, ఇతర ద్రవ్యాలు పక్కన ఉండగానే మూల అణువులు శుద్ధంగా తిరిగి వస్తాయి. విడిపోయే చోటును తయారీలోనే గొలుసులో పొందుపరచడం ఇందులోని సూత్రం. అలాగే అనేక పదార్థాల పొట్లానికి బదులు, పాలిథిన్‌లోనే రకాలను పొరలుగా పేర్చి ఒకే పదార్థపు పొట్లాన్ని తయారుచేసే దిశగా కూడా పరిశ్రమ అడుగులు వేస్తోంది.

1933లో విన్నింగ్టన్ ప్రయోగశాలలో లేని ప్రశ్న ఇక్కడ తయారీకి ముందే ఎదురవుతోంది. ఈ పదార్థం దేనితో కలుస్తుంది, ఎలా విడిపోతుంది అన్నదే ఆ ప్రశ్న. అయితే కొత్త పాలిమర్ ఏదైనా వాడుకలోకి వచ్చినప్పుడు అది కూడా పాత చెత్తలోనే చేరుతుంది. తక్కువ మోతాదులో ఉన్నంతకాలం అదీ మరొక కల్తీయే అవుతుంది. కనుక నాలుగో మార్గం మొదటి మూడింటినీ రద్దుచేయదు.

9. ముగింపు

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

• మిశ్రమ ప్లాస్టిక్ సమస్యకు మూలం గొలుసుల పొడవులోనే ఉంది. ప్లాస్టిక్‌కు బలాన్నిచ్చిన గుణమే దానిని మరొక ప్లాస్టిక్‌తో కలవనీయదు.

• పొసగకపోవడానికి కారణాన్ని తెలిపే సిద్ధాంతం 1940ల ఆరంభానికే అందుబాటులో ఉంది. పొందిక కలిగించే రసాయనం 1970లలోనే పరిశ్రమకు తెలుసు. పాలిథిన్, పాలీప్రొపిలీన్‌లను ఒక శాతం మధ్యవర్తితో గట్టిగా జతకూర్చిన ఫలితం 2017లో గాని రాలేదు. ఈ జాప్యానికి ఉత్ప్రేరకాల కష్టం కొంత కారణమైతే, జ్ఞానాన్ని కొత్త సరుకులవైపే మళ్లించిన ప్రాధాన్యాలు మిగతా కారణం.

• నాలుగు మార్గాల్లో ఏదీ స్వయంసంపూర్ణం కాదు. సీసాలకు వేరుచేయడం, పాలిథిన్–పాలీప్రొపిలీన్ కుప్పకు జతకూర్చడం, మిగిలినదానికి విడగొట్టడం, రేపటి సరుకుకు కొత్త రూపకల్పన తగినవి.

• ప్రయోగశాల విజయం కర్మాగారానికి చేరాలంటే నిజమైన చెత్తతో పరీక్ష జరగాలి. దానికి చెత్త ఏరేవారి అనుభవజ్ఞానం ఆధారం కావాలి. ఆ శ్రమకు తగిన రక్షణ, ఆదాయం లభించాలి.

కొత్త ప్లాస్టిక్ చౌకగా దొరికినంతకాలం పాతదానికి గిరాకీ తక్కువే. ఆ చౌకదనంలో కాలువలను పూడికతీసే ఖర్చు, పశువు పొట్ట కోసి ముద్దను తీసే ఖర్చు, చెత్త ఏరేవారి ఊపిరితిత్తుల ఖర్చు కలిసిలేవు. ఆ ఖర్చులు కూడా ధరలో చేరినప్పుడు నాలుగు ఖండాల గొలుసు ఖరీదైన వింతగా మిగలదు. వాడుకలోకి వచ్చే సరుకవుతుంది. తొంభై ఏళ్లుగా పదార్థ శాస్త్రం గొలుసులను కూర్చడంలో చూపిన శ్రద్ధను వాటి చివరి దశపై కూడా చూపడం మొదలుపెట్టింది. ఆ శ్రద్ధ చిప్స్ ప్యాకెట్టుకు కూడా కిలోల లెక్కన ధర పలికించిననాడే ఈ పరిశోధన ఇంటి చెత్తబుట్టదాకా చేరినట్టు భావించాలి.